రెండు కొండల మధ్య సూర్యుడే కాదు, గోడ పక్కన అరటిచెట్టు కూడా ఉంది

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పిల్లల పేజీలో బొమ్మలు నేను వదలకుండా చూస్తానండి. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన గుడిసె, దానిమీదకి వంగిన కొబ్బరిచెట్టు. చిన్నప్పుడు నేనూ అదే గీశా కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు లెండి, కానీ ఆ కొబ్బరిమట్ట చూస్తే చాలు, గీసినవాళ్ళు అసలు చెట్టు వైపు తలెత్తి చూడలేదని తెలిసిపోతుంది.

పెద్దయ్యాక కూడా నాది అదే తంతు. ఆఫీస్ అయ్యాక వాటర్ కలర్స్ వేస్తుంటా, ఏళ్ళ తరబడి ఫోన్లో ఫోటోలు చూసే వేశా, ఎక్కడెక్కడివో జలపాతాలు, మంచు కొండలు, బొమ్మ పర్లేదు గానీ గోడకి తగిలించుకోబుద్ధి అయ్యేది కాదు. ఒకసారి కాలు బెణికి పది రోజులు ఇంట్లో కూర్చోవాల్సొచ్చింది. కిటికీ ఎదురుగా అరటిచెట్టు, వేరే గతి లేక దాన్నే మొదలెట్టా.

ఆకు అంటే పచ్చే కదా అని ట్యూబ్‌లో పచ్చరంగు తీసి పూసేశా, అచ్చం ప్లాస్టిక్ ఆకులా తయారైంది. అప్పుడు సరిగ్గా చూస్తే ఎండ వెనకనుంచి పడ్డ చోట ఆకు దాదాపు పసుపు, పైన ఆకాశం మెరిసే చోట నీలం కలిసిన తెలుపు, ఈనె లేత నిమ్మపండు రంగు, ఎండిన అంచు ఇటుక రంగు! లెమన్ ఎల్లో, అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం కలిపి అందులో చిటికెడు బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు వేస్తే గానీ ఆ నీడ పచ్చ దొరకలేదు. ఇంకోటి, గాలికి అరటాకు ఎలా పడితే అలా చిరగదు, మధ్య ఈనె నుంచి అంచుకి పోయే సన్న గీతల వెంబడే చీలుతుంది. అది తెలిశాక గీయడం సగం తేలికైపోయింది. మనం కాండం అనుకునేది కూడా కాండం కాదు, ఒకదాన్నొకటి చుట్టుకున్న దొప్పలు, అందుకే దానికి గుండ్రటి స్తంభంలా షేడింగ్ ఇస్తే కుదరదు, అంచులు పొరలు పొరలుగా కనపడాలి.

కాగితం పూలైతే నా పరువు తీశాయి. ఆ గులాబీరంగువి పూరేకులనుకుని ఎన్నో వేశా, అవి రంగు మారిన ఆకులట, అసలు పూలు లోపల సన్నగా తెల్లగా మూడుంటాయి. మందారం దగ్గరకొస్తే ముందు పువ్వు వేసేయాలి, ఆకులు రేపైనా ఉంటాయి, పువ్వు సాయంత్రానికి ముడుచుకుపోతుంది.

ఫ్రాన్స్‌లో ఆన్రి రూసో అని ఒకాయన ఉండేవాడు, పారిస్‌లో సుంకం వసూలు చేసే ఉద్యోగం, పులులున్న దట్టమైన అడవులు గీసి పేరు తెచ్చుకున్నాడు. దేశం దాటి ఏ అడవికీ పోలేదాయన, ఆ ఊళ్ళో బొటానికల్ గార్డెన్‌లో అద్దాల ఇళ్ళలో పెంచే మొక్కల్ని చూసొచ్చి వేశాడు. మరియన్ నార్త్ లాగా దేశాలు తిరిగి వేసినవాళ్ళూ ఉన్నారు, లండన్ క్యూ గార్డెన్స్‌లో ఆవిడ గ్యాలరీ 1882లో తెరిచారు, 800 పైన పెయింటింగ్స్. ఓపిక, డబ్బు ఉంటే వెళ్ళొచ్చు, కాదన్ను. కానీ రూసో అద్దాల ఇంటికి వెళ్ళి చూసిన జాతి మొక్కలు మనకి గోడ పక్కనే ఊరికే పెరుగుతుంటే ఫోన్లో వెతుక్కోవడం ఏంటండీ.

అందుకని చిన్న రిక్వెస్ట్. నెలకి ఒక్క ఆదివారం ఆ పేజీలో ఇంటి దగ్గర మొక్కని ఎదురుగా కూర్చుని చూసి గీసిన బొమ్మలే వేయండి, కింద మొక్క పేరు, ఏ టైంలో గీశారో రాయమనండి. వంకరగా ఉందని, సగమే అయ్యిందని పక్కన పడేయకండి, సగంలో పువ్వు ముడుచుకుపోతే పిల్లలేం చేస్తారు. మిగతా మూడు ఆదివారాలు కొండలూ సూర్యుడూ ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు