పగుళ్లు వెతికే కళ్లకూ విశ్రాంతి గంటలు రాయండి: పౌర విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,

విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ ఎన్‌డీటీ (భాగాలను పాడుచేయకుండా లోపాలు వెతికే పరీక్ష) ఇన్‌స్పెక్టర్ నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

విమాన భాగాల్లో పగుళ్లు వెతికేవాళ్ల పని గంటల గురించి ఇంతకుముందు పంపిన అర్జీలకు జవాబు రాలేదు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదుకు మాత్రం 'సంబంధిత విభాగానికి పంపడమైనది, ఫిర్యాదు ముగించడమైనది' అని ఒక లైను వచ్చింది. ఏ విభాగానికి పంపారో, అక్కడ ఎవరు చదివారో అందులో లేదు. రిజిస్టర్ పోస్టులో పంపినదానికి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చింది, అంతే. ఒక పెద్ద అధికారి విజయవాడ వచ్చారని తెలిసి వెళ్లి ఆయన చేతికే కాగితం ఇచ్చాను. "తప్పకుండా చూస్తాం, మీలాంటి అనుభవజ్ఞులు చెప్పాల్సిందే" అన్నారు. ఆ మాట పట్టుకుని చాలాకాలం ఎదురుచూశాను. ఇక అందరి ముందూ రాయడం తప్ప దారి కనిపించలేదు. మాటలో ఎక్కడైనా మర్యాద తగ్గితే మన్నించండి, విషయాన్ని మాత్రం పక్కన పెట్టకండి.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ల్యాండింగ్ గేర్‌లో, అంటే విమానం దిగే చక్రాల కాళ్లలో, పగుళ్లు వెతికే మనిషి ఎన్ని గంటలు పనిచేయాలో, ఎన్ని గంటలు నిద్రపోవాలో పైలట్లకు రాసినట్టు అంకెల్లో రాయండి. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు, రాత్రి ల్యాండింగ్‌లు తగ్గించారు. మంచి పని చేశారు. విమానాలకు దారి చెప్పే ఏటీసీ కంట్రోలర్లకూ డ్యూటీ పరిమితులు ఉన్నాయి. మరి ఆ పైలట్ దింపే విమానం ఏ కాళ్ల మీద దిగుతుందో ఆ కాళ్లను పరీక్ష చేసేవాడి సంగతేమిటి? షిఫ్టులు వేసేటప్పుడు మనిషి శక్తికి ఉన్న హద్దులను లెక్కలోకి తీసుకోవాలని విమాన మరమ్మతు సంస్థలకు వర్తించే సీఏఆర్-145 నియమాల్లో ఒక మాట ఉంది. మీకు తెలిసిందే. నేను పనిచేసిన చోట ఆ మాట ఆడిట్ వచ్చినప్పుడు ఫైల్లో కనిపించేది, గోడమీద రోస్టర్‌లో మాత్రం ఎప్పుడూ కనిపించలేదు.

ఈ పని ఎందుకంత సున్నితమో మీ అధికారులు మీకు చెప్పారో లేదో తెలియదు కాబట్టి నేనే చెబుతాను.

ల్యాండింగ్ గేర్‌లో ముఖ్యమైన భాగాలకు 300ఎం లాంటి స్టీలు వాడతారు. చదరపు సెంటీమీటరుకు దాదాపు 19 టన్నుల లాగుడును తట్టుకునే స్టీలు అది. ఒక మామూలు ఏ320 ప్రయాణికుల విమానం దిగేటప్పుడు 60 టన్నుల పైన బరువు ఉండొచ్చు, అదంతా రెండు ప్రధాన గేర్ల నాలుగు చక్రాల మీదకే వస్తుంది. అంత గట్టి స్టీలుకు ఒక బలహీనత ఉంది. ఎంత గట్టిదైతే పగులుకు అంత భయపడుతుంది. వంతెన గర్డర్‌లో పగులు వస్తే అది నెలల తరబడి మెల్లగా పాకుతుంది, ఎవరో ఒకరు చూసే అవకాశం ఉంటుంది. ఈ స్టీల్లో మనం వేలితో తడిమితే కూడా తెలియనంత చిన్న పగులు చాలు, తర్వాతి ల్యాండింగ్‌లో భాగం మొత్తం విరిగిపోవచ్చు. పగులు మొదలవడానికి ఏమంత కారణం కూడా అక్కర్లేదు. తుప్పు పట్టకుండా వేసే కాడ్మియం పూత లేచిపోయిన చోట గుండుసూది మొనంత తుప్పు గుంట పడినా చాలు. క్రోమ్ ప్లేటింగ్‌ను గ్రైండింగ్ చేసేటప్పుడు కాస్త వేడెక్కి కాలినా చాలు. ప్లేటింగ్ తొట్టిలో స్టీలు పీల్చుకున్న హైడ్రోజన్ లోపల మిగిలిపోతే, బయటికి ఏమీ కనబడకుండానే తర్వాత ఎప్పుడో చిట్లుతుంది. అందుకే ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే సుమారు 190 డిగ్రీల వేడిలో 23 గంటలు ఓవెన్‌లో ఉంచుతారు. ఆ 23 గంటలను ఎవరూ 20 చేయరు, చేయనివ్వరు. లోహానికి ఇవ్వాల్సిన గంటలు రాసిపెట్టి ఉన్నాయి. దాన్ని చూసే మనిషికి ఇవ్వాల్సిన గంటలే ఎక్కడా రాయలేదు.

పదేళ్లకోసారి, లేదా తయారీదారు చెప్పిన ల్యాండింగ్‌ల లెక్క నిండినప్పుడు, గేర్‌ను విమానం నుంచి దించి ముక్కముక్కగా విప్పుతారు. రంగు, పూత అన్నీ తీసి ఒట్టి లోహం చేస్తారు. అప్పుడు అది మా దగ్గరికి వస్తుంది. స్టీలు భాగమైతే అయస్కాంతం చేసి, చీకట్లో మెరిసే సన్నటి ఇనుప రజను కలిపిన ద్రవం పోస్తాం. పగులున్న చోట రజను గుమిగూడి ఆకుపచ్చ గీతలా కనిపిస్తుంది. ఒక దిశలో అయస్కాంతం చేస్తే ఆ దిశకు సమాంతరంగా ఉన్న పగులు కనబడదు, కాబట్టి అడ్డంగా, నిలువుగా రెండుసార్లు చేయాలి. అల్యూమినియం, టైటానియం భాగాలకు పెనెట్రెంట్ పద్ధతి: ద్రవం పూసి, పగుళ్లలోకి ఇంకేదాకా ఆగి, పైది కడిగి, డెవలపర్ అనే పొడి చల్లి, మళ్లీ ఆగి చూడాలి. ఈ చూడటమంతా చీకటి బూత్‌లోనే. బయటి వెలుతురు 20 లక్స్ దాటకూడదు, బ్లాక్ లైట్ (అతినీలలోహిత దీపం) తీవ్రత లెక్క ప్రకారం ఉండాలి. లోపలికి వెళ్లాక కళ్లు చీకటికి అలవాటు పడేదాకా పని మొదలుపెట్టకూడదు. ఎండకు రంగు మారే కళ్లద్దాలు పెట్టుకోకూడదు. ఏటా మాకు దగ్గరిచూపు పరీక్ష ఉంటుంది, అది పాస్ కాకపోతే తనిఖీ చేశామని వేసే స్టాంపు వాడనివ్వరు. చూడండి సార్, దీపానికి కొలత ఉంది, చీకటికి కొలత ఉంది, కంటిచూపుకు కొలత ఉంది. ఆ కన్ను ఎన్ని గంటలుగా తెరిచి ఉందో మాత్రం ఎవరూ అడగరు.

నేను అసలు చెప్పుకోవాలనుకున్న కష్టం ఇదే.

నేను పనిచేసిన మరమ్మతు షాపు పేరు రాయను. ఒక కంపెనీని బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు, ఇది ఒక్కచోటి జబ్బు కూడా కాదు. అక్కడ రాత్రి షిఫ్టుకు రావాల్సినవాడు రాకపోతే పగలు చేసినవాడే ఉండిపోవాలి. 'డబుల్ కొట్టడం' అనేవాళ్లం. నెలాఖరులో, పండగ రద్దీ ముందు అది మామూలే. విమానం నేలమీదే నిలిచిపోయిందని ఫోన్ వస్తే ఇక చెప్పేదేముంది, బూత్ బయట షిఫ్ట్ ఇన్‌చార్జి నిలబడి "అయిందా, అయిందా" అంటూనే ఉంటాడు. ఆయన్నీ తప్పుపట్టను, ఆయన ఫోన్‌లో అవతల ఇంకొకరు అదే మాట అంటుంటారు. రాత్రి మూడు గంటలప్పుడు చీకటి గదిలో, ఊదారంగు వెలుగులో, నున్నగా మెరిసే సిలిండర్ వంపులను అంగుళం అంగుళం చూస్తుంటే కళ్లముందు లేని గీతలు కదులుతాయి. ఉన్న గీత కనబడకపోవడం అంతకంటే సులువు. వంద భాగాలు చూస్తే తొంభైతొమ్మిదింటిలో ఏమీ ఉండదు. ఏమీ లేదు, ఏమీ లేదు అని అలవాటుపడిన మెదడు, అలసిపోయాక, ఉన్నదాన్ని కూడా ఏమీ లేదనే చెబుతుంది.

మాతో తెనాలి కుర్రాడొకడు చేసేవాడు. పనిలో నిదానం, నిజాయితీ. ఒక డబుల్ షిఫ్టులో తెల్లవారుజామున నాతో "అన్నా, కళ్లు మంటలెక్కిపోతున్నాయి, నీళ్లు కారుతున్నాయి. ఈ పిస్టన్ మీద ఇప్పుడు సంతకం పెట్టలేను, నిద్రపోయి వచ్చి చూస్తాను" అన్నాడు. అదే మాట పైవాళ్లకూ చెప్పాడు. "చూసిందాన్నే ఎన్నిసార్లు చూస్తావు బాబూ" అన్నారు. అతను సంతకం పెట్టలేదు. మరో ఇన్‌స్పెక్టర్‌ను ఇంటినుంచి పిలిపించి చూపించారు. కొన్నాళ్లకు కుర్రాడిని స్టోర్స్‌కు మార్చారు. అది శిక్ష అని ఎవరూ అనలేదు, ఆర్డర్‌లో 'పరిపాలనా అవసరాల దృష్ట్యా' అని ఉంది. మిగిలినవాళ్లం ఆ ఆర్డర్ చదివి ఏం అర్థం చేసుకున్నామో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత 'నాకు నిద్ర వస్తోంది' అని ఆ షాపులో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. మంత్రిగారూ, ఆ పిల్లవాడు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. అతన్ని కాపాడే నియమం ఒక్కటి ఉండి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇది నా ఊహ కాదు, ప్రపంచం ఇప్పటికే మూల్యం చెల్లించి నేర్చుకున్న పాఠం. 1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ 232 విమానం కూలి 112 మంది చనిపోయారు. అది ఇంజిన్ ఫ్యాన్ డిస్క్‌లో పగులు. అంతకుముందు పెనెట్రెంట్ తనిఖీ చేసినప్పుడే ఆ పగులు దాదాపు అర అంగుళం ఉంది, అయినా కనిపెట్టలేకపోయారు. దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ కేవలం ఆ ఇన్‌స్పెక్టర్‌ను తిట్టి ఊరుకోలేదు. తనిఖీ పద్ధతుల్లో మానవ పరిమితులను సరిగా పట్టించుకోలేదని కారణంలోనే రాసింది. ల్యాండింగ్ గేర్ సంగతే కావాలంటే, 2016 అక్టోబర్ 28న ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఫెడెక్స్ సరుకు విమానం దిగగానే ఎడమ ప్రధాన గేర్ విరిగి, రెక్క నేలను రాసుకుని మంటలంటుకున్నాయి. ఇద్దరు పైలట్లు ప్రాణాలతో బయటపడ్డారు. అక్కడ ఉండాల్సిన కాడ్మియం పూత లేదు, తుప్పు గుంట పడింది, గుంటలోంచి పగులు పాకింది. గేర్‌ను విప్పి పూర్తిగా చూసే ఓవర్‌హాల్‌కు తయారీదారు ఎనిమిదేళ్లు చెబితే కంపెనీ తొమ్మిదేళ్లు పెట్టుకుంది. అందులో సరుకు ఉంది కాబట్టి సరిపోయింది. మన గన్నవరం నుంచి రోజూ ఎగిరే వాటిలో మనుషులు ఉంటారు. గల్ఫ్‌కు పోయే కూలీలు, హైదరాబాద్ ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, అమెరికాలో బిడ్డ పురుడుకు పోయే తల్లులు ఉంటారు.

కృష్ణా జిల్లా, గుంటూరు జిల్లా వాళ్లకు ఈ మాట తేలిగ్గానే అర్థమవుతుంది. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు ఊడి కొట్టుకుపోయింది. ప్రాజెక్టులో నీళ్లు కిందికి వదిలి, స్టాప్ లాగ్ (తాత్కాలిక అడ్డుగేటు) దించి ఆపగలిగారు. అక్కడ ఆగడానికి సమయం దొరికింది. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో రన్‌వేను తాకిన విమానానికి ఆ సమయం ఉండదు.

మా చుట్టుపక్కల పిల్లలు చాలామంది ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజినీరింగ్) కోర్సుల్లో చేరుతున్నారు. పొలం తాకట్టు పెట్టి ఫీజులు కట్టిన తండ్రులు నా దగ్గరికి వచ్చి "మావాడికి భవిష్యత్తు ఉంటుందా సార్" అని అడుగుతారు. విమానాలు వందల కొద్దీ వస్తున్నాయి, పని ఉంటుందని చెబుతాను. వాళ్ల పిల్లలు రేపు ఆ చీకటి బూత్‌లో ఎన్ని గంటలు కూర్చుంటారో చెప్పమంటే నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉండాలి.

కాబట్టి మళ్లీ అడుగుతున్నాను. పగుళ్ల తనిఖీ చేసేవాళ్లకు గరిష్ఠ డ్యూటీ గంటలు రాయండి. రెండు షిఫ్టుల మధ్య కనీస విశ్రాంతి రాయండి. బూత్‌లో ఒకే బిగిన కూర్చునే సమయానికి హద్దు పెట్టండి. 'అలసిపోయాను, ఇప్పుడు సంతకం పెట్టను' అన్నవాడిని బదిలీ చేయకూడదని, చేస్తే కంపెనీ కారణం చెప్పాలని రాయండి. తనిఖీకి వచ్చే మీ అధికారులు పగటిపూట ఫైళ్లతో పాటు రాత్రి హాజరు పట్టిక కూడా తెరవాలని చెప్పండి. గేటు దగ్గర ఎంట్రీ రిజిస్టర్, ఏ పని ఎవరు చేశారో రాసే టాస్క్ కార్డు మీద సంతకం వేళ పక్కపక్కన పెడితే ఎవరు ఎన్ని గంటలు మెలకువగా ఉన్నారో పావుగంటలో తేలిపోతుంది. దీనికి కోట్లు ఖర్చు కావు, కొత్త యంత్రాలు అక్కర్లేదు. కాకపోతే కంపెనీలు ఇంకొందరు మనుషులను తీసుకోవాలి. నిజమైన అడ్డంకి అక్కడే ఉందని నాకు తెలుసు, మీకూ తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఈ ఉత్తరంతో పాటు పాత అర్జీల నకళ్లు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు నకలు జతచేసి మీ కార్యాలయానికి మళ్లీ రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. నన్ను పిలిస్తే నా ఖర్చుతో ఢిల్లీ వచ్చి, ఏ అధికారి ముందైనా కూర్చుని, ఏ బూత్‌లోనైనా నిలబడి చూపిస్తాను. పిలవడం కుదరకపోతే కనీసం ఫైలు ఏ సెక్షన్‌లో ఉందో, ఎవరు చూస్తున్నారో ఒక కాగితం మీద రాయించి పంపండి. ఈసారి 'ఫిర్యాదు ముగించడమైనది' అని మాత్రం రాయించకండి సార్, చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
రిటైర్డ్ ఎన్‌డీటీ ఇన్‌స్పెక్టర్,
విజయవాడ