మొగ్గల మందు ముచ్చట

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. ఎవరో మొగ్గల చుక్కల మందు సీసా చేతిలో పెట్టి నిద్రకి మంచిదన్నారని, దాని మీద ‘వేల ఏళ్ల సంప్రదాయం’ అని ఉందని రాశావు. అది నిజమేనా అని కదా నీ ప్రశ్న? సగం నిజం. మొగ్గల్ని మందుగా వాడటం చాలా పాతదే. నీ సీసాలో ఉన్న వైద్యం మాత్రం మన నాన్నల తరంలో పుట్టింది. ఈ రెండింటినీ కలిపేసి అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఓపిక చేసుకుని చదువు.

మొగ్గల్లో అందరికీ తెలిసిన మందు లవంగం. ఒకటి తీసి దగ్గరగా చూడు. కాడలా కనిపించే భాగం, దాని చివర నాలుగు కొసలు, వాటి మధ్య గుండ్రటి బుడిపె. ఆ బుడిపె అంటే విచ్చుకోని పూరేకులే. ఆకుపచ్చ మొగ్గ ఎరుపు తిరుగుతుండగా కోసి ఎండబెడతారు. పువ్వు విచ్చుకుందంటే సరుకు పోయినట్టే. చైనాలో హాన్ వంశం కాలంలో చక్రవర్తి ముందు మాట్లాడే అధికారులు నోటి వాసన రాకుండా లవంగం బుగ్గన పెట్టుకునేవాళ్లట. పంటి నొప్పిని మొద్దుబార్చేది అందులోని యూజినాల్ అనే నూనె పదార్థం. దాన్ని జింక్ ఆక్సైడ్‌తో కలిపి డెంటిస్టులు ఇప్పటికీ తాత్కాలిక ఫిల్లింగులు పెడుతున్నారు. ఒకప్పుడు ఇండోనేషియాలోని మలుకు దీవుల్లో తప్ప పెరగని ఆ చెట్టు కోసం డచ్చివాళ్లు చేసిన అఘాయిత్యాలు, 1770లో ఫ్రెంచ్ అధికారి పియర్ ప్వావ్ర్ పంపిన మనుషులు మొక్కల్ని దొంగచాటుగా మారిషస్ చేర్చడం, అదంతా వేరే కథ. మొదలుపెడితే ఆపలేను.

చైనావాళ్లే మాగ్నోలియా మొగ్గల్ని ముక్కు దిబ్బడకి వాడతారు. ఆ మొగ్గ మీద బూడిద రంగు నూగు దట్టంగా ఉంటుంది. కషాయంలో ఆ నూగు తేలితే గొంతులో గుచ్చుకుంటుంది కాబట్టి గుడ్డలో మూట కట్టి మరిగిస్తారు. ఇలాంటి చిన్న జాగ్రత్తలు చదివినప్పుడే నాకు పాత వైద్యుల మీద నమ్మకం కలుగుతుంది. కాచి, తాగి, దగ్గు వచ్చాకే ఎవరికో ఆ మూట ఆలోచన తట్టి ఉంటుంది.

యూరప్‌లో ఈ కథకి హీరో పాప్లర్ చెట్టు. చలికాలం చివర దాని మొగ్గ మీద పసుపు గోధుమ రంగులో జిగురు ఊరుతుంది. చేతికి అంటితే నీళ్లతో పోదు, నూనె పట్టించాలి, లేదా స్పిరిట్ కావాలి. ఘాటైన తీపి వాసన. తేనెటీగలు ఈ జిగురునే గీరి, వెనక కాళ్లకి అంటించుకుని గూటికి తీసుకెళ్లి ప్రొపోలిస్ (గూటి సందులు పూడ్చే బంక) చేస్తాయి. నీళ్లలో కరగని దాన్ని మందు చేయాలంటే ఏం చేయాలి? కొవ్వులో వేయాలి. మధ్యయుగాల మందుల షాపుల్లో ‘పాపులియోన్’ అనే లేపనం అలాగే పుట్టింది. 12వ శతాబ్దం నాటి ఇటలీలోని సలెర్నో వైద్యుల మందుల జాబితాలోనే ఉంది. అందులో తమాషా ఏంటంటే, మొగ్గలు వసంతం మొదట్లో దొరుకుతాయి, కలపాల్సిన గసగసాల ఆకు, హెన్‌బేన్ అనే మత్తు మొక్క లాంటివి ఆ తర్వాతెప్పుడో వస్తాయి. అందుకని మొగ్గల్ని ముందే దంచి పంది కొవ్వులో నానేసి, మిగతావి వచ్చేదాకా అలాగే ఉంచేవాళ్లు. జ్వరం వేడికి, మొలలకి రాసేవాళ్లు. నిద్ర పట్టనివాళ్లకి కణతల మీద కూడా! నీకు పనికొచ్చేదే కానీ, హెన్‌బేన్ విషం, ఆ జోలికి పోకు. పాప్లర్‌లో సాలిసిన్ ఉంటుంది, అంటే ఆస్పిరిన్‌కి దూరపు చుట్టం. కాబట్టి ఆ లేపనం ఉత్త భ్రమ కాదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వీళ్లంతా మొగ్గని కోసింది అందులో జిగురో నూనో చిక్కగా ఉంటుందనే. ‘మొగ్గ కాబట్టి మహిమ’ అని కాదు. నా వాదానికి అడ్డొచ్చేది చరక సంహిత ఒక్కటే. పుంసవన విధిలో తూర్పుకీ ఉత్తరానికీ సాగిన మర్రి కొమ్మల నుంచి చిగురు మొగ్గలు తెచ్చి, మినుములో తెల్ల ఆవాలో కలిపి పెరుగులో వేసి పుష్యమి నక్షత్రంలో తాగమంటుంది, మగపిల్లాడు పుట్టాలని. ఆ కోరిక నాకు నచ్చదు. కానీ మొగ్గలో పుట్టుక దాగుందన్న ఊహ మాత్రం అక్కడ స్పష్టంగా ఉంది.

సరిగ్గా ఆ ఊహనే ఇరవయ్యో శతాబ్దంలో బెల్జియం డాక్టర్ పోల్ హెన్రీ వేరే దారిలో పట్టుకున్నాడు. మొగ్గ అంటే మొక్కకి పిండం, వేరూ ఆకూ పువ్వూ కాబోయే కణాలన్నీ అందులోనే ఉంటాయి, కాబట్టి ముదురు ఆకు కంటే అదే బలమైన మందు అని ఆయన లెక్క. 1950ల చివర్లో రాయడం మొదలుపెట్టి 1970లో పుస్తకం వేశాడు. మొదట పెట్టిన పేరు ఫైటోఎంబ్రియోథెరపీ. నోరు తిరగదు కదా, జెమ్మోథెరపీ అన్న పేరే నిలిచింది. ఫ్రాన్స్‌లో మాక్స్ టెటో దాన్ని జనంలోకి తెచ్చాడు. పచ్చి మొగ్గల్ని ఆల్కహాల్, గ్లిజరిన్ కలిపిన ద్రావణంలో వారాల తరబడి నానబెట్టి వడకడతారు. నీ చుక్కలు అవే. బ్లాక్‌కరెంట్ మొగ్గని వాపులకి, అంజూరం మొగ్గని టెన్షన్‌తో వచ్చే కడుపు బాధకి, లిండెన్ మొగ్గని నిద్రకి ఇస్తారు.

పని చేస్తాయా అంటే, మనుషుల మీద గట్టిగా చేసిన పరీక్షలు చాలా తక్కువ. మొగ్గల్లో పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాలు బాగానే ఉంటాయి, నిజమే. కానీ రోజుకి కొన్ని చుక్కల్లో అవెంత? బ్లాక్‌కరెంట్‌ని ‘సహజ కార్టిసోన్’ (కార్టిసోన్ అంటే వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు) అని అమ్మేవాడి మాట నేనైతే నమ్మను. నీకు తాగాలనిపిస్తే తాగు, నాకు గొడవ లేదు. అందులో ఆల్కహాల్ ఉందని మాత్రం గుర్తుంచుకో. బీపీ బిళ్లలు వేసుకుంటున్నావు కాబట్టి ముందు డాక్టర్‌కి చూపించు. నిద్రలేమి నెలల తరబడి ఉంటే అదీ ఆయనతోనే చెప్పు.

ఇక ఇదంతా చదివి, ఎప్పుడైనా పాప్లర్ చెట్టు కనిపిస్తే మొగ్గలు తెంపాలని నీ చేతులు దురద పెడతాయని తెలుసు. కొమ్మ కొసనున్న మొగ్గ తెంపితే ఆ కొస ఎదుగుదల అక్కడే ఆగుతుంది. గాలివానకి విరిగి పడ్డ కొమ్మల నుంచి ఏరుకో. చొక్కా మాత్రం పాతది వేసుకుని వెళ్లు.

నీ
రఘు