బడి గ్రంథాలయానికి గ్రంథపాలకుడు కావాలి

సంపాదకులకు నమస్కారం.

తరగతి గదుల్లోకి డిజిటల్ తెరలు, పాఠ్యపుస్తకాల్లోకి క్యూఆర్ కోడ్‌లు వచ్చాక బడికి గ్రంథాలయంతో పనేముందన్న మాట ఈమధ్య ఉపాధ్యాయుల నోటనే వింటున్నాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెబుతూ, లైబ్రరీ ఇన్‌చార్జి బాధ్యత కూడా మోసినవాడిగా ఆ మాటను ఒప్పుకోలేను.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడిలోనూ వార్తాపత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలూ ఉన్న గ్రంథాలయం ఉండాలని తన అనుబంధంలో చెప్పింది. కళలకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులను పేర్కొన్న అదే అనుబంధంలో గ్రంథపాలకుడి ఊసు లేదు. దాంతో ఆ పని ఎవరో ఒక ఉపాధ్యాయుడి మీద పడుతుంది. పోయిన పుస్తకానికి తానే జవాబు చెప్పుకోవాలన్న భయంతో ఆయన బీరువాకు తాళం వేస్తాడు. నేనూ వేశాను, అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

పదవీ విరమణకు ముందటి ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలను కొల్లేరు గురించి రాసుకురమ్మంటే, సగానికి పైగా నోటుపుస్తకాల్లో అవే వాక్యాలు, అవే అచ్చుతప్పులు కనిపించాయి. ఫోనులో మొదట వచ్చినదాన్ని అలాగే దించుకొచ్చారు. ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, మరోచోట సరిచూడవచ్చా అని అడగడం వాళ్లకు మేమెవరం నేర్పలేదు. నేటి గ్రంథపాలకుడి అసలు పని అదే. కేంద్ర ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక ‘దీక్ష’, భారత జాతీయ డిజిటల్ లైబ్రరీ, తెలుగు కథలున్న స్టోరీవీవర్ ఉచితంగానే దొరుకుతున్నాయి. అయితే ఆరో తరగతి పాపకు తగిన కథ ఏదో, పదో తరగతి బాబు సందేహానికి నమ్మదగిన ఆధారం ఏదో ఎంచి చేతికిచ్చే మనిషి బడిలో లేడు. పుస్తకాన్ని చదువరి ముంగిటికి చేర్చాలని స్వాతంత్ర్యానికి ముందే కాలువల మీద పడవలో పుస్తకాలు పంపిన గ్రంథాలయోద్యమం పుట్టిన నేల ఇది.

ప్రతి ఉన్నత పాఠశాలకూ ఒకేసారి సాధ్యం కాకపోతే, గ్రంథాలయ శాస్త్రం చదివినవారిని చుట్టుపక్కల బడులన్నీ కలిసిన స్కూల్ కాంప్లెక్సుకు ఒకరినైనా నియమించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను. అంతవరకు లైబ్రరీ ఇన్‌చార్జికి వారానికి నాలుగు పీరియడ్లైనా తగ్గించాలి; పిల్లల చేతుల్లో నలిగి చిరిగిన పుస్తకానికి ఆయన జీతం నుంచి వసూలు చేయబోమని పాఠశాల విద్యాశాఖ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
ఏలూరు జిల్లా