గుట్టపూసల హారం కొనేముందు వెనక్కి తిప్పి చూడు

ప్రియమైన పద్మా,

పాప పెళ్ళికి నక్షీ పని గుట్టపూసల హారం, అదే చిన్న ముత్యాలు గుత్తులుగా కట్టిన హారం, తీసుకుంటున్నామని రాశావు, చాలా సంతోషం. కొట్టుకి వెళ్ళేలోపే నీకు అందాలని గబగబా రాస్తున్నాను. పొడుగైతే ఏమనుకోకు.

హారం చేతికివ్వగానే ముందు వెనక్కి తిప్పు. మెరుగు పెట్టడం ముందు వైపు ఎవరైనా చేస్తారు, పనివాడి ఓపిక తెలిసేది వెనకే. టంకం పెట్టిన చోట ముద్దలు, నల్ల మచ్చలు, సూదిమొనంత బెజ్జాలు ఉన్నాయేమో చూడు. పాత పట్టుగుడ్డ ముక్క ఒకటి పట్టుకెళ్ళి దానిమీద హారాన్ని మెల్లగా లాగు. ఎక్కడైనా పోగు పట్టుకుందంటే అక్కడ ఆకురాయి సరిగ్గా పెట్టలేదన్నమాట. రేపు పాప పెళ్ళిచీర కూడా అక్కడే పట్టుకుంటుంది.

తర్వాత లక్ష్మీదేవి బిళ్ళలు. నక్షీ పనిలో బంగారు రేకును లక్క మీద పరిచి, వెనక నుంచి కొట్టి ఉబ్బించి, ముందు నుంచి సన్న ఉలులతో తీరుస్తారు. అలా చేత్తో చేసినవి ఏ రెండూ అచ్చు గుద్దినట్టు ఉండవు. ఒక దేవి కనుబొమ్మ కాస్త పైకి, ఇంకో దేవి చెయ్యి కాస్త లావుగా ఉంటుంది. భూతద్దంలో చూస్తే వేళ్ళు విడివిడిగా, తామర రేకుల గీతలు పదునుగా కనిపించాలి. అన్నీ ఒకేలా, గీతలు మొద్దుబారి ఉంటే అది అచ్చులో పోసిన పని. అచ్చుపనిలో తప్పేం లేదు. దానికి చేతిపని మజూరీ అడగడమే తప్పు.

ఉబ్బెత్తు ఎక్కువున్న చోట రేకు సాగి పలచబడుతుంది. దేవి ముఖం, మోకాళ్ళు బొటనవేలితో మెల్లగా నొక్కి చూడు, లొంగితే వద్దను. రెండేళ్ళలో సొట్టలు పడతాయి. లోపల లక్క నింపి ఉందా, దాని బరువు తీసేశారా అన్నది కూడా అప్పుడే అడుగు.

ముత్యాల్లో రెండింటిని ఒకదానితో ఒకటి రుద్దితే సన్నని ఇసుకలా గరగరమనాలి. జారిపోతే అనుమానించు. బెజ్జం అంచున పైపూత పొరలా లేస్తుంటే గాజుపూసే. గుత్తులు కట్టిన తీగ మరీ సన్నగా ఉంటే నాలుగుసార్లు వేసుకునేసరికి తెగి పూసలు రాలతాయి. ఒక్కో గుత్తిని వేలితో కదిపి చూడు.

ఇక ధర. అసలు డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదువు. లెక్క కోసం బంగారం గ్రాము పదివేలు, తరుగు (పనిలో బంగారం పోయిందని చెప్పి ధరమీద వేసేది) 18 శాతం అనుకుందాం. హారం మొత్తం తూకం 62.400 గ్రాములు, అందులో కెంపులు, పచ్చలు, ముత్యాలు 9.400 గ్రాములు. అంటే బంగారం 53 గ్రాములే. కొట్టువాళ్ళు 62.400కీ బంగారం ధర కడితే 94 వేలు, దానిమీద తరుగు 16,920, మొత్తం 1,10,920 రూపాయలు నువ్వు రాళ్ళకు బంగారం ధర కట్టినట్టు. పైగా రాళ్ళకు విడిగా ఇంకో లైను రాస్తారు! అందుకే నెట్ వెయిట్, అంటే రాళ్ళు తీసేసిన బంగారం తూకం, విడిగా, రాళ్ళు ఏ రకం, ఎన్ని క్యారెట్లు, క్యారెట్ ఎంత అన్నది విడిగా రాయించుకో. 5 క్యారెట్లు ఒక గ్రాము, అక్కడే కూర్చుని లెక్క సరిచూసుకో.

తరుగు అంటే బంగారం కాలి బూడిదైపోయిందని కాదు. ఆకురాయి కింద రాలిన రజను కూడా ఊడ్చి కరిగించుకుంటారు. నిజానికి ఇప్పుడది పని కూలే. శాతంలో కడితే బంగారం రేటు పెరిగినప్పుడల్లా పని మారకుండానే కూలి పెరుగుతుంది. గ్రాముకింత అనో, హారానికింత అనో చెప్పమని అడుగు. కానీ పని నిజంగా చేతిదైతే ఆ కూలి దగ్గర మరీ గీసి బేరమాడకు పద్మా. రోజుల తరబడి కళ్ళు పొడుచుకుని చేసే పని అది. బేరమంతా రాళ్ళ తూకం దగ్గర ఆడు.

హాల్‌మార్క్‌లో మూడు గుర్తులుండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, స్వచ్ఛత చెప్పే 22కే916, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరుండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకే ఇచ్చిన గుర్తింపు నంబరు. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టు. నీ చేతిలో హారం ఉండి యాప్‌లో ఉంగరమని వస్తే లేచి వచ్చెయ్. కుందన్, పోల్కీ, జడావు అనే రాళ్ళు పొదిగిన రకాల నగలకు ఈ నిబంధన లేదు. నీ హారం కుందన్ పని అని కొట్టువాళ్ళు అంటే స్వచ్ఛత ఎంతో బిల్లుమీదే రాయించుకోవాలి. ఇంకా ఎవరైనా ‘కేడీఎం’ అంటే మోసపోకు, అది టంకంలో కలిపే కాడ్మియం మాట, స్వచ్ఛతకు గుర్తు కాదు.

తిరిగి మార్చుకున్నప్పుడు తరుగు రాదు. రాళ్ళకు ఎంత కడతారో ఇప్పుడే రాసివ్వమను.

ఎస్టిమేషన్ చీటీ, హారం వెనక వైపు ఫోటో రెండూ నాకు పంపాకే అడ్వాన్సు ఇవ్వు. ముందు వైపు ఫోటో పాప మెడలో చూస్తాలే.

నీ
సుజాత