పాపకి క్లిప్పులు వేయించే ముందు

విజయవాడ,
ఆదివారం రాత్రి

బావా,

నిన్న నువ్వు ఫోన్ చేసి "పాప పళ్ళకి క్లిప్పులు వేయించాలంటున్నారు, ఏం చెయ్యమంటావు" అని అడిగినప్పుడు నేను బస్సులో ఉన్నాను. ఆ గోలలో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను గానీ ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. మావాడు 22 నెలలు క్లిప్పులతో ఉన్నాడు కదా. అప్పుడు మేం పడ్డ ఇబ్బందుల్లో సగం ముందే తెలిసి ఉంటే పడేవాళ్ళం కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. పాపకి కూడా వినిపించు, ఎందుకంటే మొయ్యాల్సింది అది.

ముందు ఒక మాట. తొందరపడకు. పాపకి 12 ఏళ్ళు, వయసు సరైనదే. పాల పళ్ళు దాదాపు అన్నీ ఊడిపోయి ఉంటాయి, ఎముక ఇంకా ఎదుగుతూ ఉంటుంది. కింది దవడ వెనక్కి ఉండి పై పళ్ళు ఎత్తుగా కనిపిస్తుంటే, దవడ ఎదుగుదలని సరిదిద్దే అప్లయన్సులు పనిచేసేది కూడా ఈ ఎదిగే వయసులోనే. అలాగని ఇంకో రెండు వారాలు ఆగి రెండో డాక్టర్ని అడిగితే కొంపలేమీ మునిగిపోవు. మేం అడగలేదు. ఇంటి దగ్గర ఉందని ఒక క్లినిక్‌కి వెళ్ళాం, ఆఫర్ ఉందంటే డబ్బు మొత్తం ఒకేసారి కట్టేశాం. క్లిప్పులు వేసే డాక్టరు అక్కడ ఉండరు, ఆదివారాలు బయటినుంచి వస్తారు. అయిదో నెలలో ఆయన రావడం మానేశారు. ఫోన్ చేస్తే "వచ్చేవారం సార్, వచ్చేవారం" అనేవాళ్ళు. వాడి నోట్లో తీగ అలాగే ఉంది, చూసే నాథుడు లేడు. ఎక్స్‌రేలు అడిగితే మా దగ్గర లేవన్నారు. రెండు నెలలు అలా తిరిగి తిరిగి, చివరికి ఇంకో డాక్టరు దగ్గర మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. డబ్బు పోయిందన్న బాధకంటే, పిల్లాడు "నాన్నా, ఇంకెన్నాళ్ళు" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోవడం ఎక్కువ బాధ.

అందుకని నువ్వు వెళ్ళగానే అడగాల్సింది, క్లిప్పులు వేసేది ఎవరు అని. పళ్ళ డాక్టర్లందరూ బీడీఎస్ చదువుతారు. క్లిప్పుల పని నేర్చుకోవడానికి ఆ పైన మూడేళ్ళు ఎండీఎస్ ఆర్థోడాంటిక్స్ చెయ్యాలి. బోర్డు మీద ఆ మాట ఉందా లేదా చూడు, మొదటినుంచి చివరిదాకా ఆ ఒక్కరే చూస్తారా అని మొహమాటపడకుండా అడుగు. ఓపీజీ అని నోరంతా ఒకే ఫిల్ములో వచ్చే ఎక్స్‌రే, తలని పక్కనుంచి తీసే సెఫలోగ్రామ్, పళ్ళ అచ్చులు, ఫొటోలు, ఇవి లేకుండా మొదటి రోజే బ్రాకెట్లు (తీగని పట్టి ఉంచడానికి ఒక్కో పన్ను మీదా అతికించే చిన్న బిళ్ళలు) అతికిస్తానంటే లేచి వచ్చెయ్. వాటి కాపీలు నీ దగ్గర పెట్టుకో. డబ్బు విడతలుగా కట్టు. బ్రాకెట్ ఊడితే మళ్ళీ అతికించడానికి ఎంత, క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ జరగకుండా పెట్టుకోవడానికి ఇచ్చే రిటైనర్ ఇందులోనే ఉందా, విడిగానా అని కూడా అప్పుడే తేల్చుకో. మాకు రెండోచోట మెటల్ క్లిప్పులకి 45 వేలు అయ్యింది, రిటైనర్‌కి విడిగా 5 వేలు. పంటి రంగులో ఉండే సిరామిక్‌వి ఇంకా ఎక్కువ. డబ్బు కష్టమనిపిస్తే మొహమాటం లేకుండా హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో గవర్నమెంట్ డెంటల్ కాలేజీకి తీసుకెళ్ళు. అక్కడ ఆర్థో డిపార్ట్‌మెంట్‌లో పీజీ చేసే డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. నల్గొండ నుంచి రానూపోనూ రోజంతా పడుతుంది, అదొక్కటే.

మీవైపు సంగతి ఇంకోటి. కిందటిసారి వచ్చినప్పుడు చూశాను, పాప ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. అది చిన్నప్పుడు తాగిన బోరునీళ్ళ ఫ్లోరైడ్ వల్లనే అయి ఉంటుంది. క్లిప్పులు వేస్తే ఆ మరకలు పోతాయని ఆశపెట్టుకోకండి. వాటికి వైద్యం వేరే, క్లిప్పులు తీసేశాక చూసుకోవచ్చు. పైగా ఈ ఫ్లోరైడ్ మరకలు (ఫ్లోరోసిస్ అంటారు) గట్టిగా ఉన్న పన్ను మీద బ్రాకెట్ సరిగా అంటుకోదు, మాటిమాటికీ ఊడుతుంది. ఈ సంగతి డాక్టరుకి ముందే గుర్తుచెయ్యి, అతికించే పద్ధతిలో జాగ్రత్త తీసుకుంటారు. ఫ్లోరైడ్ వల్ల ఇలా అయింది కదా అని ఫ్లోరైడ్ పేస్టు మాన్పించెయ్యకు. ఆ మరకలు పన్ను చిగురు లోపల తయారయ్యే రోజుల్లో పడ్డవి. ఈ వయసులో తోముకుని ఉమ్మేసే పేస్టు వల్ల కొత్తగా రావు. క్లిప్పులున్న పళ్ళకి పుచ్చు పట్టకుండా కాపాడేది అదే. అన్నట్టు, గిల్టు కమ్మలు పెడితే పాపకి చెవులు దురద పెడతాయా? అలా అయితే అదీ చెప్పు. ఆ దురద నికెల్ పడకపోవడం వల్ల కావచ్చు, క్లిప్పుల తీగలో కూడా నికెల్ ఉంటుంది.

ఇక పళ్ళు పీకే సంగతి. మావాడికి నాలుగు తీశారు, కోరపళ్ళ వెనక ఉండేవి, పైన రెండు, కింద రెండు. మా అమ్మ వారం రోజులు అన్నం సరిగా తినలేదు. "పై పళ్ళు పీకితే కళ్ళు పోతాయిరా" అని ఒకటే ఏడుపు. పంటి నరం వేరు, చూపు నరం వేరు అని డాక్టరే అమ్మని కూర్చోబెట్టుకుని చెప్పారు. అప్పటికి నెమ్మదించింది. అందరికీ పీకరు. దవడలో చోటు చాలక పన్ను మీద పన్ను ఎక్కినప్పుడో, పళ్ళు మరీ ఎత్తుగా ఉన్నప్పుడో తీస్తారు. ఎందుకు తీస్తున్నారో ఎక్స్‌రే మీద చూపించమని అడుగు. చక్కగా ఉన్న పన్నుని తీయించడానికి తండ్రిగా నాకు చెయ్యి ఆడలేదు, నీకూ ఆడదు. కారణం కళ్ళారా చూస్తే కాస్త నిబ్బరంగా ఉంటుంది.

రెండేళ్ళు ఎందుకు పడుతుందని నువ్వు అడిగావు. నేనూ అదే అడిగాను. పన్ను ఎముకలో మేకులా బిగిసిపోయి ఉండదట. చుట్టూ సన్నటి పొర ఉంటుంది. తీగ మెల్లగా నెడుతుంటే, నెట్టినవైపు ఎముక కరుగుతుంది, వదిలినవైపు కొత్త ఎముక పుడుతుంది. పీకిన చోట ఖాళీ ఏడు మిల్లీమీటర్లదాకా ఉంటుంది, పన్ను నెలకి సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. ఆ ఖాళీ మూసుకోవడానికే ఏడు నెలలు, వంకర పళ్ళని వరసలోకి తేవడం దానికి వేరే. "ఇంకాస్త టైట్ చెయ్యండి సార్, తొందరగా అయిపోతుంది" అని నేను అంటే, డాక్టరు ఒప్పుకోలేదు. బలం ఎక్కువైతే పన్ను జరగడం ఆగిపోతుంది, వేరు అరిగిపోయే ప్రమాదం కూడా ఉందన్నారు. ఆ రోజు ఆయన ఒక తీగని వేలికి చుట్టి నలిపేసి, గోరువెచ్చని నీళ్ళలో వేశారు. చూస్తుండగానే అది విప్పుకుని మళ్ళీ నెలవంకలా నిలబడింది. నోట్లో వేడికి కూడా అంతేనట, తన ఆకారానికి తను వచ్చేస్తూ వంకర పళ్ళని వెంట లాక్కొస్తుంది. మావాడు కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. ఆ తర్వాత వాడికి భయం తగ్గింది. పాపకి కూడా చూపించమని అడుగు.

మొదటి వారం మాత్రం మీరిద్దరూ గుండె గట్టి చేసుకోవాలి. ముందు దవడ పళ్ళ మధ్య చిన్న రబ్బరు రింగులు పెడతారు, ఆ పళ్ళకి తొడిగే లోహపు పట్టీలకి (బ్యాండ్లు) చోటు కోసం. మాంసం ముక్క ఇరుక్కున్నట్టు ఉందనేవాడు. క్లిప్పులు వేసిన రాత్రి వాడికి బాగా ఆకలి. కానీ ఇడ్లీ కూడా నమలలేకపోయాడు. మీ చెల్లెలు పెరుగన్నం మెత్తగా పిసికి పెడితే, పళ్ళు తగలకుండా నాలుకతో అంగిలికి నొక్కి మింగాడు. ఒక్కో ముద్దకి ఎంతసేపు పట్టిందో. నేను అవతలి గదిలోకి వెళ్ళిపోయాను, చూడలేక. మూడు నాలుగు రోజులకి సర్దుకుంది. తర్వాత టైట్ చేసిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులు సలుపు ఉండేది. నొప్పికి మాత్ర ఏది వెయ్యాలో, ఎంత వెయ్యాలో డాక్టర్నే అడిగి రాసిపెట్టుకో. బుగ్గ లోపల ఒరుసుకుని పుండు పడితే ఉప్పునీళ్ళు పుక్కిలించాలి, ఆ బ్రాకెట్ మీద మైనం అద్దాలి. ఆ మైనం డబ్బా స్కూలు బ్యాగులో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచు. తీగ కొస గుచ్చుకుంటే పెన్సిల్ వెనకున్న రబ్బరుతో మెల్లగా లోపలికి నొక్కి, డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఇంట్లో కత్తిరించకు.

తిండి విషయంలో చెల్లెమ్మ సాయం కావాలి. జంతికలు, చెగోడీలు, పల్లీ చిక్కీ, చెరకు ముక్క, మొక్కజొన్న కంకి, ఆవకాయ టెంక, ఐసు ముక్కలు నమలడం, జీళ్ళు, ఇవన్నీ బంద్. జామకాయ కొరక్కుండా పల్చగా ముక్కలు కోసి ఇవ్వండి. సంక్రాంతికి మా వదిన వాళ్ళింట్లో ఒక్క సకినం కొరికాడు, రెండు బ్రాకెట్లు ఊడొచ్చాయి. ఒక్కో బ్రాకెట్ ఊడితే ఆ పన్ను మళ్ళీ అతికించేదాకా జరగదు, ఉన్నచోటే ఉంటుంది, ఒక్కోసారి వెనక్కీ పోతుంది. పసుపు సంగతి కూడా చెప్పాలి. బ్రాకెట్లకి చుట్టే చిన్న రబ్బర్లు తెల్లవి వేయించుకుంటే, మన పప్పుచారుకి మూడోరోజుకల్లా పచ్చగా అయిపోతాయి. నీలమో, ముదురు ఆకుపచ్చో తీసుకోమను.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది తోముకోవడం గురించి. మా మరదలి కూతురికి క్లిప్పులు తీసిన రోజు పళ్ళు ముత్యాల్లా వరసగా ఉన్నాయి, కానీ ప్రతి పన్ను మీదా బ్రాకెట్ ఉన్నచోటు వదిలేసి చుట్టూ సున్నం గీసినట్టు తెల్లటి మచ్చ. ఆ పిల్ల అద్దం చూసుకుని నోరు మూసుకుంది. అన్నం మెతుకు, చాక్లెట్ పాకం బ్రాకెట్ అంచున నిలిచిపోతే అక్కడ పన్ను పైపొర నెమ్మదిగా కరిగిపోతుంది. ఆ మచ్చ పూర్తిగా పోవడం కష్టం. అందుకని తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి, పొద్దున, రాత్రి తీరిగ్గా తోమాలి. బ్రాకెట్‌కి పైన ఒకసారి, కింద ఒకసారి, తీగ వెనక సన్నటి సీసా బ్రష్షు లాంటిది దూర్చి ఒకసారి. రాత్రిపూట సెల్‌ఫోన్ టార్చి వేసి నేను వాడి నోరు చూసేవాణ్ణి. మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత వాడే "నాన్నా, టార్చి" అనేవాడు. రోజూ అయిదు నిమిషాలు, అంతే. కూల్‌డ్రింకులు మాత్రం మాన్పించు.

తర్వాత్తర్వాత పై పళ్ళకీ కింది పళ్ళకీ కొక్కేలు వేసి చిన్న రబ్బర్లు ఇస్తారు, తినేటప్పుడు తప్ప రోజంతా పెట్టుకోవాలి. మావాడు నెలంతా పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు పొద్దున పెట్టుకున్నాడు. ఆయన నోరు తెరిపించగానే కనిపెట్టేశారు. ఆ నెల వృథా. తీగ లేకుండా పళ్ళకి తొడుక్కునే పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులు, అలైనర్ల గురించి చెల్లెమ్మ అడిగింది కదా, అవీ అంతే, రోజుకి 20-22 గంటలు పెట్టుకుంటేనే పని. తీసి పెట్టే వీలుంది కాబట్టి పిల్లల దగ్గర అవి నిలవడం కష్టమని నా అభిప్రాయం.

ఇప్పుడు చెప్పబోయేది మాకు ఎవరూ ముందు గట్టిగా చెప్పలేదు బావా. క్లిప్పులు తీసేసిన రోజు పండగలా ఉంటుంది, అయిపోయిందనుకుంటాం. అవ్వదు. పన్ను కొత్తచోట కుదురుకోవడానికి నెలలు పడుతుంది, పాతచోటికి పోవాలని లాగుతూనే ఉంటుంది. అందుకే రిటైనర్ ఇస్తారు. మొదట రోజంతా, తర్వాత రాత్రిళ్ళు, అలా ఏళ్ళ తరబడి. మావాడు హాస్టల్‌కి వెళ్ళిన మూడో నెలలో భోజనం చేస్తూ దాన్ని టిష్యూలో చుట్టి కంచం పక్కన పెట్టాడు. చెత్తతో పాటు పోయింది. తిడతామని మాకు చెప్పలేదు. దసరా సెలవులకి వచ్చి నవ్వితే కింది పన్ను ఒకటి మళ్ళీ పక్కకి తిరిగి ఉంది. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. వాడు ఆ 22 నెలలు ఎంత ఓర్చుకున్నాడో చూసినవాణ్ణి కదా. కొత్త రిటైనర్ చేయించాం, ఆ పన్ను కొంతవరకు సర్దుకుంది, పూర్తిగా కాదు. కాబట్టి డబ్బా లేకుండా రిటైనర్ తీయకూడదని పాపకి ఇప్పటినుంచే అలవాటు చెయ్యి. వేడినీళ్ళతో కడగకూడదు, వంకర పోతుంది. ఎక్కడైనా పోగొట్టుకుంటే ఆ రోజే చెప్పమను, తిట్టనని మాటివ్వు.

మీ చిన్నోడికి ఏడేళ్ళు వచ్చాయిగా, పనిలో పనిగా వాణ్ణీ తీసుకెళ్ళు. ఏడేళ్ళకల్లా ఒకసారి ఆర్థోడాంటిస్టుకి చూపించాలని అమెరికాలో వాళ్ళ సంఘమే చెబుతుంది. చూపించడమంటే వేయించడం కాదు. వాడు ఇంకా వేలు చీకుతూ, నోరు తెరిచి నిద్రపోతుంటే మాత్రం తప్పకుండా చెప్పాలి.

పాపని ఒక మాట అడిగావా, దానికి ఇష్టమేనా? నాతో మాట్లాడేటప్పుడు చేత్తో నోరు కప్పుకుని నవ్వింది కిందటిసారి. అందుకే అడుగుతున్నా. ఇష్టమైతే సగం పని అయినట్టే. ఇష్టం లేకపోతే ఆరు నెలలు ఆగు, మళ్ళీ అడుగు.

మొదటిసారి చూపించి రాగానే ఎక్స్‌రే ఫొటో తీసి నాకు పంపు. మా డాక్టర్ని 14వ తారీఖున కలుస్తాను, ఆయనకి చూపించి ఏమన్నారో రాస్తాను. మైనం డబ్బాలు, ఆ సన్నటి బ్రష్షులు మా దగ్గర వాడనివి మిగిలి ఉన్నాయి, మీ చెల్లెలు ప్యాక్ చేసి పెట్టింది. పార్సిల్లో మేనకోడలికి ఒక ఎర్ర రిటైనర్ డబ్బా కూడా వేస్తున్నా. ఎర్రదైతే ఎక్కడ పెట్టినా కనిపిస్తుంది.

నీ
బావ