బెంచీ మీద నా పక్కన కూర్చున్న పెద్దమ్మకు

నిన్న మధ్యాహ్నం నా మీద ఉన్న కేసు కొట్టేశారు. రాత్రంతా నిద్ర లేదు, ఇది రాస్తుంటే కళ్లు మూతలు పడుతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. రేపు రాద్దామనుకుంటే ఇక రాయను. వాయిదా అంటేనే ఒళ్లు మండుతోంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పదకొండేళ్లు నేను లెక్కలు రాసిన సంస్థే, డబ్బు నేనే తిన్నానని కేసు పెట్టింది. వాళ్ల తరఫున ముగ్గురు ప్లీడర్లు, వాళ్ల వెనక ఫైళ్లు మోసే జూనియర్లు. నాకున్నది ఒక్క ప్లీడరు గారు, ఆయన కూడా సగం వాయిదాలకు వేరే కోర్టులో ఉండేవారు. మా ఆయన, పిల్లలు, అక్క మొదటినుంచీ నాతోనే ఉన్నారు. మీకు థాంక్స్ చెప్తే తిడతారు, కాబట్టి చెప్పను.

నేను చెప్పాల్సింది ఆ పెద్దమ్మ గురించి. పేరు కూడా తెలియదు.

ఆ రోజు వరండాలో ఒక్కదాన్నే కూర్చున్నాను. అవతలి ప్లీడరు మా బెంచీ ముందే నిలబడి, నాకు వినపడాలనే, "ఈవిడ పని అయిపోయింది, ఇకనైనా కాళ్లబేరానికి వస్తే మంచిది" అని ఎవరితోనో గట్టిగా అంటున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నావైపే చూస్తున్నారు. పక్కనున్న ఆవిడ మెల్లిగా, "బైబిల్లో అష్షూరు రాజు పంపిన రబ్షాకే కూడా ఇంతేనమ్మా" అంది. "సిరియా భాషలో మాట్లాడవయ్యా అంటే వినకుండా, యెరూషలేము గోడ మీద ఉన్న జనమంతా బెదిరిపోవాలని యూదుల భాషలోనే అరిచాడు. 2,000 గుర్రాలిస్తాను, ఎక్కడానికి మీ దగ్గర మనుషులున్నారా అని వెక్కిరించాడు. వాళ్లు మారు మాట్లాడారా? లేదు. నువ్వూ మాట్లాడకు."

అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పేశాను. మొదట్లోనే భయపడి, రాజీ అవుతుందేమోనని కొంత డబ్బు కట్టాను. వాళ్లు తీసుకున్నారు, కేసు మాత్రం వదల్లేదు. పైగా తప్పు ఒప్పుకున్నట్టే అన్నారు. అప్పటినుంచీ ప్రార్థనకు కూర్చుంటే నోరు పెగిలేది కాదు. మనుషుల కాళ్లు పట్టుకున్నాక దేవుడి దగ్గరికి ఏ ముఖంతో వెళ్లను?

ఆమె నవ్వింది. "అప్పుడు యెరూషలేములో ఉన్న యూదా రాజు హిజ్కియా కూడా ముందు కట్టాడమ్మా. మందిరం తలుపుల మీది బంగారం ఒలిచి మరీ పంపాడు. అష్షూరు రాజు అదీ తీసుకున్నాడు, తర్వాత సైన్యాన్నీ పంపాడు. అప్పుడు వెళ్లాడు దేవుడి దగ్గరికి. ఆయన మాత్రం, ముందే ఎందుకు రాలేదని ఒక్క మాట అన్నాడా?"

చిన్నప్పటినుంచీ వింటున్న కథే. ఒక్క రాత్రిలో ఆ అష్షూరు సైన్యంలో లక్షా 85 వేల మంది చనిపోయారని ఎన్నిసార్లు విన్నానో. తలుపుల బంగారం సంగతి మాత్రం ఒక్క ప్రసంగంలోనూ విన్న గుర్తు లేదు. అక్కడే, అంతమందిలో, చిన్నపిల్లలా ఏడ్చాను.

తర్వాత, "ఆ కాగితాలు ఇలా ఇవ్వు" అని నా ఫైల్లోంచి నోటీసు తీసింది. మడతలు విప్పి బెంచీ మీద పరిచింది. ఫ్యాను గాలికి లేచిపోతుంటే ఒక మూల తన కళ్లజోడు పెట్టె, ఒక మూల నా నీళ్ల సీసా పెట్టి, మిగతా రెండు మూలలూ అరచేతులతో నొక్కి పట్టుకుంది. "బెదిరింపు ఉత్తరం వస్తే హిజ్కియా ఇలాగే దేవుడి ముందు పరిచాడు. ఆయనకు తెలియదని కాదమ్మా. నువ్వొక్కదానివే చదువుకుంటున్నావు, అందుకు." పెద్దగా ప్రార్థనేమీ చెయ్యలేదు. కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉంది.

సాయంత్రం నా కేసు పిలిచేదాకా కూర్చుంది. ఆమె వెళ్లాక బంట్రోతు చెప్పాడు: ఆమె కేసు పొద్దున్నే తేలిపోయిందట. ఓడిపోయిందట. ఆ సంగతి నాతో ఒక్క మాటా అనలేదు.

యుద్ధం యెహోవాదే అని నాకు ఫార్వర్డ్‌లు పంపినవాళ్లు చాలామంది. కోపం తెచ్చుకోకండి, అవి చదివే ఓపిక నాకు ఉండేది కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేరం మోపడానికి పదహారు పేజీలు, అది అబద్ధమని చెప్పడానికి అర పేజీ. మధ్యలో మూడేళ్లు. సారీ అన్నవాళ్లు లేరు. ఆ అర పేజీ కాపీ కావాలన్నా మళ్లీ దరఖాస్తు పెట్టుకుని తిరగాలట. వరండాలో పేరు ఒక్కసారి, అదీ నోట్లోనే పిలుస్తారు. బాత్రూమ్‌కి వెళ్లినా టెన్షనే.

అయ్యో, మా ప్లీడరు గారిని పైన ఏదో అన్నాను. చివరి రెండు వాయిదాలకు జ్వరంతో వచ్చి వాదించారు. ఆయనకు నమస్కారాలు. శుక్రవారం ఉపవాసముండి ప్రార్థించిన సంఘం వాళ్లకు, పాస్టర్ అమ్మగారికి కూడా.

ఇంకా, ఉద్యోగం పోతుందని తెలిసీ బోనెక్కి నిజం చెప్పిన నా పాత సహోద్యోగిని ఎలా మర్చిపోయాను! అసలు నీ పేరే ముందు రాయాలి. తల పనిచెయ్యట్లేదు, క్షమించు.

పెద్దమ్మా, ఆ గాభరాలో నీ కళ్లజోడు పెట్టె నా కాగితాలతోపాటు నా ఫైల్లోకి వచ్చేసింది. తర్వాత ప్రతి వాయిదాకీ తెచ్చాను, నువ్వు మళ్లీ కనపడలేదు. గోధుమరంగుది, మూత సరిగ్గా పడదు. ఎవరైనా ఆమెను గుర్తుపడితే నాకు చెప్పండి.