రంగు వేయని బొమ్మను కూడా చూపించండి

సంపాదకుల వారికి,

ఏటా బొమ్మల కొలువుల రోజులు వచ్చేసరికి పత్రికల్లో కొండపల్లి అంబారీ ఏనుగు ఫొటో ఒకటి, పక్కన ‘జీవకళ ఉట్టిపడుతోంది’ అన్న మాట ఒకటి తప్పవు. ఆ ఏనుగు మనవల కాలం దాకా నిలుస్తుందా, మరుసటి సంక్రాంతికే తొండం ఊడుతుందా అన్నది రంగు కింద జరిగిన పనిని బట్టి ఉంటుంది. దాని సంగతి ఎక్కడా కనపడదు.

కొండపల్లి కొండల్లో దొరికే తెల్లపొణికి తేలికైన కర్ర, ఉలికి ఇట్టే లొంగుతుంది. పచ్చిగా ఉంటే మాత్రం దగా చేస్తుంది. అందుకే ముందు ఆరబెట్టి, తర్వాత సన్నటి సెగ మీద కాచి తడి లాగేస్తారు. తొందరపడి మంట పెంచారా, పైన ఎండి లోపల పచ్చిగా మిగిలి నెర్రెలిస్తుంది. అలాంటి కర్రతో చేసిన బొమ్మ కొన్నరోజున బాగానే ఉంటుంది. నాలుగు నెలలు పోయాక మెడ దగ్గర వెంట్రుకంత గీత తేలుతుంది.

అతుకు కనపడితే నాసిరకమని బేరం మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. కర్రలో నార ఒకే వైపుకు పోతుంది. నిలువు ముక్కలోనే చాచిన చేయి కూడా చెక్కితే నార అడ్డంపడి, చిన్న దెబ్బకే మణికట్టు పుటుక్కుమంటుంది. అందుకని చేయిని విడిగా, నార పొడవునా వచ్చేలా చెక్కి భుజానికి అతికిస్తారు. అతుకు పెట్టడం పని తెలిసినవాళ్లు చేసేదే, లోపం కాదు.

అతికించేది మక్కుతో. చింతగింజల పొడిని జిగురుగా ఉడికించి రంపపుపొట్టు కలుపుతారు. పొట్టు ఎక్కువైతే ఎండాక పొడిపొడిగా రాలుతుంది, జిగురు ఎక్కువైతే కుంచించుకుపోయి అతుకు దగ్గర గుంట పడుతుంది. మందంగా ఒకేసారి మెత్తితే పైపొర ముందే బిగిసి పగులుతుంది. పలచగా పెట్టి, ఆరాక మళ్లీ పెట్టాలి. ముక్కు, మీసం, తలపాగా మడతల్లాంటివి కూడా మక్కుతోనే తీరుస్తారు. ఇది నీళ్లకు నానుతుంది, కాబట్టి కొలువు ఎత్తేటప్పుడు తడిగుడ్డ పెట్టి తుడిచే అలవాటు మానుకోవాలి. పొడి కుంచె చాలు.

ఆకురాయితో నున్నచేసి సుద్ద పూస్తారు. సుద్ద లేకపోతే పొణికి రంగును తాగేసి మచ్చలు మచ్చలుగా కనపడుతుంది. సుద్ద ఆరకముందే ఎనామిల్ రంగు వేస్తే తడి లోపలే చిక్కి పొక్కులు లేస్తాయి. రంగుల గురించి మీరు బోలెడు రాశారు, నేను చెప్పక్కర్లేదు.

విజయవాడలో హస్తకళల ప్రదర్శనలు పెట్టేవారికి నా విన్నపం ఒకటే. ప్రతి దుకాణంలో ఒక బొమ్మను నాలుగు దశల్లో పెట్టించండి: చెక్కిన ముక్కలు, మక్కుతో అతికినది, సుద్ద పూసినది, రంగు వేసినది. కొనేవాళ్లు కూడా బొమ్మను తిరగేసి అతుకుల మీద వేలు పోనిచ్చి చూడాలి, అరచేతిలో పెట్టి తూచాలి. పొణికి బొమ్మ కంటికి కనపడినంత బరువు ఉండదు.

ఈ దసరాకు మీ ఫొటోగ్రాఫర్‌ను కొండపల్లి పంపితే, ఏనుగులకు రంగు పడకముందే పంపండి.

– ఒక పాఠకుడు, విజయవాడ